రూపాయి డాక్టరు

చెయ్యెత్తి నిలబడ్డ ముఖ్యమంత్రి విగ్రహం ఊరూరా ఉంది. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో కొలువు చేసి, పులివెందులలో సొంతంగా ఆసుపత్రి పెట్టిన కుర్ర డాక్టరు మాత్రం మెల్లగా మరుగున పడుతున్నాడు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి వర్ధంతి వేళ ఆ డాక్టరును, ఆ ఇంటి పెద్దను, ఎండకు వెరవని ఆ నడకను గుర్తు చేసుకుందాం.

సెప్టెంబరు రెండో తేదీ పొద్దున. వేంపల్లె దాటాక రోడ్డు కొండల్లోకి మళ్లుతుంది. ఆటోలు, జీపులు, బైకులు అన్నీ ఇడుపులపాయ వైపే. వాన పడిన ఏడైతే దారికి రెండు పక్కలా పచ్చగా ఉంటుంది, లేకపోతే ఎర్రమట్టీ తుమ్మచెట్లే. సమాధి దగ్గర పోలీసులు తాళ్లు కట్టి జనాన్ని ఆపుతారు. ముందు కార్ల వరస వస్తుంది. ఇంటివాళ్లు సమాధి చుట్టూ నిలబడి ప్రార్థన చేసుకుంటారు. నాయకులు దండలు ఉంచి, కెమెరాల ముందు నాలుగు మాటలు చెప్పి వెళ్లిపోతారు. దుమ్ము సద్దుమణిగాక తాళ్లు వదులవుతాయి. అప్పుడొస్తారు, పొద్దుటి నుంచి కాచుకుని ఉన్నవాళ్లు. తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్న ముసలి రైతు, కొంగు నెత్తిన కప్పుకున్న అవ్వ, బడి ఎగ్గొట్టి వచ్చిన పిల్లలు. రాతిని తాకి, ఆ చేత్తోనే కళ్లకద్దుకుంటారు. తెచ్చుకున్న సద్ది విప్పుకుని చెట్టు నీడన కూర్చుంటారు.

మర్నాడు పేపర్లో వచ్చేది మొదటి గుంపు గురించే. ఎవరు ముందొచ్చారు, ఎవరు తర్వాతొచ్చారు, ఆయన పిల్లలు జగన్, షర్మిల ఎదురుపడ్డారా లేదా... ఈ మధ్య ఏళ్లలో చర్చంతా అక్కడే తిరుగుతోంది. రెండో గుంపులోని అవ్వకు ఆ గొడవ పట్టదు. ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి కన్నా ముందే ఆమెకు తెలిసిన మనిషి ఒకరున్నారు. ఆయన పేరు డాక్టరు.

పెన్న ఒడ్డున

1949 జూలై 8న జమ్మలమడుగులో పుట్టారు రాజశేఖరరెడ్డి. తండ్రి రాజారెడ్డి, తల్లి జయమ్మ. క్రైస్తవం పుచ్చుకున్న రెడ్ల కుటుంబం. నలుగురు అన్నదమ్ములు, ఒక చెల్లెలు ఉన్న ఇల్లు.

జమ్మలమడుగు అంటే ఇప్పుడు అందరికీ గండికోట గుర్తొస్తుంది. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్నేరు పారే ఆ లోయను చూడటానికి సెలవు రోజుల్లో బెంగళూరు నుంచి కార్లు వరస కడతాయి. గండికోట సంగతి బయటివాళ్లకు పెద్దగా తెలియని రోజుల్లో ఈ ఊరికి పేరు తెచ్చింది మిషన్ ఆసుపత్రి. లండన్ మిషన్ వాళ్లు పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడ వైద్యం మొదలుపెట్టారు. డాక్టర్ క్యాంబెల్ పేరు మీద అది క్యాంబెల్ ఆసుపత్రి అయింది, తర్వాత సి.ఎస్.ఐ. వాళ్ల చేతికొచ్చింది. ప్రొద్దుటూరులో బంగారం అంగళ్లు, పత్తి వ్యాపారం ఉన్నవాళ్లకు జబ్బు చేస్తే వేలూరుకో మద్రాసుకో పోగలరు. ఎద్దులబండి తప్ప గతిలేని పల్లె మనిషికి అంత దూరం ఎక్కడిది? వాళ్ల పాలిటికి వేలూరైనా మద్రాసైనా ఈ మిషన్ ఆసుపత్రే.

పిల్లవాడు పులివెందులలో వెంకటప్ప అనే అయ్యవారి దగ్గర చదువుకున్నాడు. తర్వాత బళ్లారిలో సెయింట్ జాన్స్ బడి, విజయవాడలో ఆంధ్ర లయోలా కాలేజీ. వైద్యం చదివింది కర్ణాటకలోని గుల్బర్గాలో, మహాదేవప్ప రాంపురే మెడికల్ కాలేజీలో. అక్కడ విద్యార్థి సంఘానికి అధ్యక్షుడయ్యారు. హౌస్ సర్జన్ చేసింది తిరుపతి ఎస్వీ మెడికల్ కాలేజీలో. అక్కడా హౌస్ సర్జన్ల సంఘానికి ఆయనే నాయకుడు. పుస్తకం పట్టుకున్నంత గట్టిగానే మైకునూ పట్టుకున్నారన్నమాట.

చదువు పూర్తయ్యాక ఎక్కడికైనా పోవచ్చు. ఆ తరం సీమ డాక్టర్లు చాలామంది అలా పోయినవాళ్లే. ఈయన తిన్నగా పుట్టిన ఊరికే వచ్చి, మిషన్ ఆసుపత్రిలో మెడికల్ ఆఫీసరుగా చేరారు. అప్పటికే విజయలక్ష్మితో పెళ్లయింది. అందరూ విజయమ్మ అని పిలిచేది ఈమెనే. కొడుకు జగన్ 1972 డిసెంబరు 21న జమ్మలమడుగులోనే పుట్టాడు.

పులివెందుల, 1973

మరుసటి ఏడు మకాం పులివెందులకు మారింది. తండ్రి పేరుతో అక్కడ 70 పడకల ఆసుపత్రి పెట్టారు. వాన ముఖం చాటేసే తాలూకా అది. ఇప్పుడు కనిపించే అరటి, చీనీ తోటలు అప్పుడు ఇంతలేవు. శెనక్కాయ వేసి మబ్బుకేసి చూడటమే సేద్యం. అలాంటి చోట డాక్టరు దగ్గరికి వచ్చే కష్టాలు ఎలాంటివో ఈ ప్రాంతపు మనిషికి చెప్పక్కర్లేదు. చేలో పాము కరిచిందని, గడ్డివామిలో తేలు కుట్టిందని, బావిలో జారిపడ్డాడని, మంత్రసాని వల్ల కాలేదని, చంటిదానికి వాంతులు ఆగట్లేదని. సగం మంది పంట అమ్మాక ఇస్తామనేవాళ్లే.

ఆ రోజుల నుంచే జనం నోట ‘రూపాయి డాక్టరు’ అన్న పేరు పడింది. ఫీజు రూపాయే. ఉత్తినే చూసి పంపొచ్చు కదా, ఆ రూపాయి మాత్రం ఎందుకు? ఆలోచిస్తే ఆ రూపాయిలో ఒక తెలివి కనిపిస్తుంది. ఇచ్చే మనిషి చెయ్యి చాచినట్టు ఉండదు. డబ్బిచ్చి వైద్యం చేయించుకున్నానని తలెత్తుకుని ఇంటికి పోతాడు. సీమలో పేదవాడికి ఆకలి కన్నా రోషం ఎక్కువ. ఆ సంగతి ఎరిగినవాడే అక్కడ డాక్టరు కాగలడు, నాయకుడూ కాగలడు.

ఆసుపత్రితో పాటే చదువుల పనీ సాగింది. చిన్నప్పటి అయ్యవారు వెంకటప్ప పేరు మీద పులివెందులలో బడి పెట్టారు. కుటుంబం తరఫున ఒక పాలిటెక్నిక్, ఒక డిగ్రీ కాలేజీ వచ్చాయి. తర్వాత ఆ రెంటినీ లయోలా సంస్థలకు అప్పగించారు. పక్కనున్న సింహాద్రిపురంలోనూ డిగ్రీ కాలేజీ తెరిచారు. పేరు మోసిన పెద్దమనిషి తన పేరు పెట్టుకోకుండా బడిపంతులు పేరు పెట్టడం మా జిల్లాలో రోజూ జరిగే పని కాదు. అందుకే ఈ మాట ప్రత్యేకించి రాయాల్సి వచ్చింది.

వైద్యం ఆ బంధువర్గంలో ఆయన ఒక్కడితో ఆగలేదు. తర్వాతి రోజుల్లో వియ్యంకుడైన డాక్టర్ ఈ.సి. గంగిరెడ్డి కూడా పులివెందులలో పిల్లల డాక్టరే. 2020 అక్టోబరులో ఆయన పోయినప్పుడు ఊళ్లో చాలామంది తలుచుకున్నది జగన్ మామగారిని కాదు, తమ పిల్లల జ్వరాలు చూసిన మనిషిని.

ఆసుపత్రి గేటు దాటాక

1978 ఎన్నికల్లో పులివెందుల ఎమ్మెల్యే అయ్యేనాటికి ఆయనకు ముప్పై ఏళ్లు నిండలేదు. 1980లో మంత్రి. మొత్తం మీద పులివెందుల నుంచి ఆరుసార్లు శాసనసభకు, కడప నుంచి నాలుగుసార్లు లోక్‌సభకు గెలిచారు. ఒక్కసారీ ఓడిపోలేదు.

ఇదంతా రూపాయి ఫీజు మహిమేనని రాస్తే చదివేవాళ్లు నవ్వుతారు. పులివెందుల, జమ్మలమడుగు రాజకీయం అంటే ఆ రోజుల్లో ఫ్యాక్షన్ కూడా. సేవ, బలగం, పగ ఒకే వాకిట్లో మసలిన కాలమది. ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో విడదీసి చెప్పడం కష్టం. 1998 మే 23న రాజారెడ్డిని బాంబులేసి చంపారు. ఏ తండ్రి పేరు ఆసుపత్రి బోర్డు మీద ఉందో ఆ తండ్రే అలా పోయాడు. రాజశేఖరరెడ్డిని అభిమానించేవాళ్లు ఈ భాగాన్ని దాటేస్తారు, గిట్టనివాళ్లు ఇదొక్కటే చెబుతారు. రెండూ సగం కథలే.

బాక్స్: కొన్ని తేదీలు

*1949 జూలై 8: జమ్మలమడుగులో జననం*

*1973: పులివెందులలో రాజారెడ్డి పేరుతో 70 పడకల ఆసుపత్రి*

*1978: తొలిసారి ఎమ్మెల్యే*

*1989, 1991, 1996, 1998: కడప ఎంపీ*

*2003 ఏప్రిల్ 9: చేవెళ్లలో పాదయాత్ర మొదలు*

*2004 మే 14: ముఖ్యమంత్రిగా ప్రమాణం, ఉచిత విద్యుత్తు ఫైలు మీద తొలి సంతకం*

*2009 సెప్టెంబరు 2: నల్లమల అడవిలో హెలికాప్టరు ప్రమాదం*

ఎండలో 1,475 కిలోమీటర్లు

గదిలో కూర్చుంటే ఊపిరాడని మనుషులు కొందరుంటారు. ఆయన ఆ కోవ మనిషి. తెల్లటి పంచె, చొక్కా, కాళ్లకు చెప్పులు, కంటికి ఎదురుగా పొలం. ఇవుంటే చాలు.

2003 ఏప్రిల్ 9న రంగారెడ్డి జిల్లా చేవెళ్లలో నడక మొదలుపెట్టినప్పుడు ఆయన వయసు యాభై మూడు. సొంత పార్టీలోనే నవ్వినవాళ్లున్నారు. రోహిణీ కార్తె మధ్యలో పడేలా ఎవరైనా పాదయాత్ర పెట్టుకుంటారా? కానీ ఆ ఏడాది కరువును చూడాలంటే ఎండాకాలమే సరైన కాలం. ఎండిన బోర్లు, అమ్ముకున్న ఎనుములు, వలస పోయి తాళాలు పడ్డ ఇళ్లు అప్పుడే కనిపిస్తాయి. పొద్దున చల్లబాటున నడక, మధ్యాహ్నం చెట్టు కింద మకాం, మళ్లీ సాయంత్రం నడక. ఎదురొచ్చినవాళ్లను ‘అక్కా, చెల్లెమ్మా, తమ్ముడూ’ అని నవ్వుతూ పలకరించడం. ఆ పలకరింపును తర్వాత ఎంతమంది మిమిక్రీ వాళ్లు బతుకుతెరువు చేసుకున్నారో లెక్కలేదు.

గోదావరి దాటి రాజమండ్రి చేరేసరికి ఒళ్లు తిరగబడింది. వడదెబ్బ. డాక్టరే రోగి అయి కొన్ని రోజులు టెంటులో పడుకోవాల్సి వచ్చింది. ఇక చాలు, ఆపేయమన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. లేచి మళ్లీ నడిచారు. జూన్ 15న శ్రీకాకుళం జిల్లా చివరి ఊరు ఇచ్ఛాపురంలో యాత్ర ముగిసింది. మొత్తం 1,475 కిలోమీటర్లు.

ఆ నడకను ఎన్నికల ఎత్తుగడ అని తేల్చేయొచ్చు. అది ఎత్తుగడే. కానీ రెండు నెలల పైచిలుకు దారిపొడుగునా ఆయన విన్నదాంట్లో జబ్బులు, ఆసుపత్రి అప్పులు ఎంత ఉన్నాయో గెలిచాక చేసిన పనుల్లో కనబడింది.

బాక్స్: ఆ బాటలో మరికొందరు

*ఆ తర్వాత తెలుగు నాయకులకు నడక ఆనవాయితీ అయింది. చంద్రబాబు నాయుడు 2012 అక్టోబరు 2న హిందూపురం నుంచి ‘వస్తున్నా మీకోసం’ అంటూ బయల్దేరారు. అదే నెల 18న షర్మిల ఇడుపులపాయ నుంచి మొదలుపెట్టి 2013 ఆగస్టులో ఇచ్ఛాపురం చేరారు. ఆమె నడిచింది 3,112 కిలోమీటర్లు. జగన్ 2017 నవంబరు 6న ఇడుపులపాయ నుంచే కదిలి, 2019 జనవరి 9న ఇచ్ఛాపురంలో ముగించారు. అది 3,648 కిలోమీటర్లు. 2023 జనవరిలో లోకేశ్ కుప్పం నుంచి నడిచారు.*

ఫైలు మీద డాక్టరు చూపు

ముఖ్యమంత్రి అయ్యాక బేగంపేట క్యాంపు కార్యాలయంలో పొద్దున్నే జనాన్ని కలిసేవారు. చేతిలో అర్జీ, ఇంకో చేతిలో ఎక్స్‌రే కవరు. గుండెలో చిల్లు పడ్డ పిల్లలు, కిడ్నీలు చెడ్డ తండ్రులు, క్యాన్సరు సోకిన తల్లులు. ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఒక్కొక్కరికీ డబ్బు మంజూరు చేసుకుంటూ పోయారు. 2004 మే నుంచి 2007 జూన్ దాకా 55 వేల మందికి పైగా రోగులకు అలా ఇచ్చింది 168 కోట్ల రూపాయలు. క్యాంపు ఆఫీసు దాకా రాగలిగినవాడికి అందింది, సరే. బస్సు ఛార్జీ లేక ఊళ్లోనే ఆగిపోయినవాడి మాటేమిటి?

ఆ ప్రశ్నకు జవాబుగా వచ్చింది ఆరోగ్యశ్రీ. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. మూడూ కరువుకూ వలసలకూ పేరుపడ్డ జిల్లాలే. తెల్లకార్డు ఉంటే రెండు లక్షల దాకా వైద్యం, అదీ కార్పొరేట్ ఆసుపత్రిలో. పల్లెమనిషి ఏసీ వార్డులో పడుకోవడం అదే మొదలు. అంతకుముందే, 2005 ఆగస్టు 15న, 108 అంబులెన్సు వచ్చింది. దాన్ని మొదలుపెట్టింది ఒక ప్రైవేటు ఫౌండేషన్. ప్రభుత్వం ఖర్చు భరించి రాష్ట్రమంతా తిప్పింది. తర్వాత చాలా రాష్ట్రాలు అదే నంబరు పట్టుకున్నాయి. రెండు రాష్ట్రాలుగా విడిపోయాక కూడా ఆంధ్రలోనూ తెలంగాణలోనూ ఏ పార్టీ ప్రభుత్వమూ ఆరోగ్యశ్రీని ఎత్తేసే సాహసం చేయలేదు. పేర్లు, పరిమితులు మార్చుకున్నారంతే.

ఆరోగ్యశ్రీ మీద గట్టి విమర్శే ఉంది. సర్కారు ఆసుపత్రులను బాగు చేయాల్సిన డబ్బు ప్రైవేటు ఆసుపత్రుల గల్లాపెట్టెలోకి పోయిందని. అందులో నిజం ఉంది. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో పనిచేసిన మనిషికి చిన్న ఊరి ఆసుపత్రి విలువ ఇంకెవరికన్నా ఎక్కువ తెలియాలి. జ్వరానికీ కాన్పుకూ జనం వెళ్లేది అక్కడికే. పెద్ద ఆపరేషన్లకు దారి చూపిన చేయి ఆ చిన్న ఆసుపత్రుల మీద అంత బలంగా పడలేదు.

నీళ్లు, రాళ్లు

సొంత జిల్లాకు చేసుకున్నారన్న మాట ఎప్పుడూ ఉంది. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, రిమ్స్, పులివెందులలో జేఎన్టీయూ ఇంజనీరింగ్ కాలేజీ, ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఆయన హయాంలో వచ్చినవే. పెన్న మీద గండికోట జలాశయం 26.85 టీఎంసీల సామర్థ్యంతో లేచింది. దాని వెనకే ఇంకో కథ నడిచింది. ముంపు ఊళ్ల జనం పరిహారం కోసం ఏళ్ల తరబడి తిరిగారు. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్లప్రొద్దుటూరు వాళ్లు ఇల్లూ వాకిలీ వదిలి, పిల్లాజెల్లాతో కదిలారు. కింద తోటలు పచ్చబడ్డాయంటే పైన కొన్ని ఊళ్లు మునిగాయి కాబట్టే.

ఉక్కు ఫ్యాక్టరీ సంగతి తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో జమ్మలమడుగు వాళ్లకే తెలియదు. 2007లో రాజశేఖరరెడ్డి బ్రహ్మణి స్టీల్స్‌కు శంకుస్థాపన చేశారు. అది ఆగిపోయింది. 2018లో చంద్రబాబు కంబాలదిన్నె దగ్గర ఒకటి, 2019లో జగన్ సున్నపురాళ్లపల్లె దగ్గర ఒకటి, 2023లో మళ్లీ జగనే ఇంకొకటి. పునాది రాళ్లు మోసి మోసి ఆ నేల అలిసిపోయింది.

ఇంటి పెద్ద

ఇడుపులపాయ ఆయనకు ఎస్టేటు మాత్రమే కాదు, ఊపిరి తీసుకునే చోటు. చుట్టూ కొండలు, చెట్లు, నెమళ్లు. క్రిస్మస్‌కు ఇంటిల్లిపాదీ పులివెందుల, ఇడుపులపాయల్లో కలవడం ఆ ఇంటి ఆనవాయితీ. ఈ భూమి మీదా మచ్చ పడింది. కుటుంబం కింద ఆరు వందల ఎకరాలకు పైగా అసైన్డు భూమి ఉందని 2006లో ఆయనే శాసనసభలో ఒప్పుకుని, ప్రభుత్వానికి తిరిగి ఇచ్చేస్తున్నట్టు ప్రకటించారు. 2008లో బాసర, నూజివీడుతో పాటు ట్రిపుల్ ఐటీ వచ్చింది ఈ ఇడుపులపాయలోనే. పదో తరగతిలో బాగా మార్కులొచ్చిన పల్లెటూరి పిల్లలు అక్కడ హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నారు.

2009 సెప్టెంబరు 2 పొద్దున చిత్తూరు జిల్లాలో రచ్చబండ కార్యక్రమానికని బేగంపేట నుంచి బయల్దేరిన హెలికాప్టరు నల్లమల మీద కనపడకుండా పోయింది. వాన, దట్టమైన మబ్బు. రాత్రంతా రాష్ట్రం టీవీల ముందు కూర్చుంది. మర్నాడు పొద్దున పావురాలగుట్ట మీద శకలాలు దొరికాయి. ఆయనతో పాటు ముఖ్యమంత్రి కార్యదర్శి, భద్రతాధికారి, ఇద్దరు పైలట్లు, మొత్తం ఐదుగురు.

తర్వాత ఆ ఇంట్లో జరిగినవి బహిరంగమే. రాజకీయాల జోలికి రాని విజయమ్మ 2010లో భర్త సీటు నుంచి పోటీ లేకుండా ఎమ్మెల్యే అయ్యారు. మరుసటి ఏడాదే అదే పులివెందులలో ఆమె మీద పోటీకి దిగింది మరిది వివేకానందరెడ్డి. 2019 మార్చి 15న ఆయన సొంతింట్లోనే హత్యకు గురయ్యారు. 2024 వచ్చేసరికి అన్నాచెల్లెళ్లు వేర్వేరు పార్టీలకు నాయకత్వం వహిస్తూ, ఆస్తుల విషయంలో ట్రిబ్యునల్ దాకా పోయారు. రచ్చబండ మీద ఊరి కష్టాలు తీర్చాలని బయల్దేరిన మనిషి ఇంటి తగవు తీర్చేవాడు లేకుండా పోయాడు. ఆయన ఉన్నంతకాలం ఆ ఇల్లు ఒక్కటిగా ఉందంటే, దాన్ని నిలిపింది బంధుత్వమా, ఆయన మాట బరువా అన్నది ఇప్పుడు తేలిపోయింది. ఆయన మాటే.

2020 జూలై 8న విజయమ్మ ‘నాలో... నాతో... వైఎస్సార్’ పేరుతో భర్త గురించి పుస్తకం తెచ్చారు. ఆయనను దగ్గరగా చూసిన మనిషి నుంచి వచ్చిన పెద్ద జ్ఞాపకం అదే. మిగతావి ఎక్కువగా పొగడ్తలు, లేదా ఆరోపణలు.

ఇంకా రాయని పేజీలు

ముఖ్యమంత్రిగా ఆయన సంతకాలన్నీ సచివాలయంలో భద్రంగా ఉన్నాయి. ప్రసంగాలకు వీడియోలున్నాయి. డాక్టరుగా గడిపిన నాలుగైదేళ్ల గురించి మాత్రం జనం నోటి మాటలు తప్ప పెద్దగా ఏమీ లేదు. అప్పట్లో జమ్మలమడుగులోనో పులివెందులలోనో ఆయనకు నాడి చూపించుకున్న పడుచువాళ్లకు ఇప్పుడు డెబ్బై దాటాయి. ఏటా కొందరు తగ్గిపోతున్నారు. వాళ్లతో పాటే ఆ కాలపు సీమ వైద్యం ఎలా ఉండేదో, పాముకాటుకు ఏం చేసేవాళ్లో, కాన్పుకు ఎంత దూరం నడిచేవాళ్లో కూడా పోతోంది. ఇది ఒక్క నాయకుడి జీవితచరిత్ర కాదు, మూడు తాలూకాల జనం బతుకు.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల పాఠకులకు ఒక మనవి. మీ ఇంటి పెట్టెల్లో ఆ రోజుల మందుల చీటీ గానీ, ఆసుపత్రి ముందు తీయించుకున్న ఫొటో గానీ ఉంటే పారేయకండి. మీ అవ్వో తాతో ఆ ముచ్చట్లు చెబుతుంటే పక్కన కూర్చుని ఫోన్లో రికార్డు చేయండి. పొగడ్త అయినా తిట్టు అయినా ఉన్నదున్నట్టు ఉంచండి. కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది, యోగి వేమన విశ్వవిద్యాలయం ఉంది. వాటిని అక్కడికి చేర్చండి.